సుత్తి కింద గలూహ్

దులాంగ్ తట్టని ఎడమ నుంచి కుడికి ఊపి, అంచు నీళ్ళలో ముంచి లేపితే తేలిక రాళ్ళన్నీ పొర్లిపోతాయి. బరువైనవి మాత్రం తట్ట నడిమి లోతులోకి జారి, నల్ల ఇసుకతో కలిసి కూర్చుంటాయి. సలాసియా విషయంలో ఆ పనంతా చేతులే చూసుకుంటాయి, కళ్ళు ఊరికే వెంట ఉంటాయి. ఆ మధ్యాహ్నం మాత్రం ముందు కళ్ళు ఆగిపోయాయి. చేతులు తర్వాత ఆగాయి.

నల్ల ఇసుక మధ్య ఒక రాయి కదలడం లేదు.

శనగగింజంత ఉంది. బల్లపరుపుగా, అంచులు అరిగిపోయి, చిన్న దిండులా ఉంది. పైన పాచి రంగు. దోసెడు నీళ్ళు పోసి చూసింది. పక్కనున్న రాళ్ళన్నీ తడిసి నిగనిగలాడాయి. ఇది తడవలేదు. నూనె రాసినట్టు నీటిబొట్టు దాని మీంచి గుండ్రంగా దొర్లి జారిపోయింది.

ఆమె గబుక్కున అటూ ఇటూ చూసి రాయిని నోట్లో వేసుకుంది. నాలుక మీద చురుక్కున చల్లగా తగిలింది.

"ఏమే, నడుం పట్టేసిందా?" పెద్ద గుంటలోంచి బస్రాన్ కేకేశాడు. ఆమె మొగుడు. నడుంలోతు నీళ్ళలో మగవాళ్ళందరితో కలిసి కంకర కడుగుతున్నాడు.

సలాసియా తల అడ్డంగా ఊపింది.

"మరి అలా నిలబడిపోయావేంటి?"

ఆమె మళ్ళీ తల ఊపింది. పెదాలు బిగబట్టే ఉన్నాయి గానీ నవ్వు ఆగడం లేదు. ఎండ తగలకుండా ముఖానికి పూసుకున్న బియ్యపు పిండి బుగ్గల మీద పగుళ్ళిచ్చింది. బస్రాన్‌కి అనుమానం వచ్చి తట్ట వదిలేసి బురదలో పడుతూ లేస్తూ వచ్చాడు. ఆమె నోరు కొద్దిగా తెరిచి చూపించింది.

"యా అల్లా!" అన్నాడు బస్రాన్. అలాగే ఒడ్డున బురదలో చతికిలబడిపోయాడు.

చెంపాకా గుంటల దగ్గర వజ్రాన్ని వజ్రం అనరు. గలూహ్ అంటారు, అమ్మాయి అని. పేరు పెట్టి పిలిస్తే సిగ్గుపడి మట్టిలోకి దిగిపోతుందని భయం. ఆడవాళ్ళు పెద్ద గుంటలో దిగినా గలూహ్ అలుగుతుందని పంపు పెద్ద జులక్ అర్షద్ పట్టుదల. అందుకే మగవాళ్ళు కడిగి పారబోసిన కంకరని ఆడవాళ్ళు పక్క కాలవలో మళ్ళీ కడుక్కుంటారు. అందులో ఏది దొరికితే అది వాళ్ళది. సాధారణంగా ఏదీ దొరకదు.

"గలూహ్ కూడా ఆడపిల్లేగా జులక్, ఆడవాళ్ళ మీద దానికి అలకేంటి?" అని సలాసియా ఒకసారి అడిగింది.

"ఒక వంటింట్లో ఇద్దరాడవాళ్ళని పెట్టి చూడు, నీకే తెలుస్తుంది," అన్నాడాయన. గుంట గుంటంతా నవ్వింది.

మర్నాడు పొద్దున పని మొదలుపెట్టకముందే ఊరి వాళ్ళందరూ ఇమాయ్ టీ కొట్టు దగ్గర చేరారు; ఆమె అందరికీ అచిల్, అంటే పిన్ని వరస. అచిల్ అరటికాయ బజ్జీలు వేయడం మానేసి, జల్లిగంటె పట్టుకునే వచ్చి చూసింది. రాయి చేతులు మారుతోంది. ఒకడు గలూహే అన్నాడు. ఇంకొకడు, గలూహ్ అయితే ఈ పాచి రంగేంట్రా అన్నాడు. ఒకడు పెదవికి ఆనించుకుని చూసి, చల్లగానే ఉంది అన్నాడు. "పొద్దున్నే ఏ రాయైనా చల్లగానే ఉంటుంది, నీ మొహం" అన్నారు పక్కవాళ్ళు.

చివరికి రాయి జులక్ అర్షద్ చేతికి వచ్చింది. జులక్ అంటే పెదనాన్న వరస. ఊళ్ళో సగం మందికి ఆయన నిజంగానే పెదనాన్న, మిగతా సగానికి భయం కొద్దీ. నీళ్ళలో నాని నాని వేళ్ళ చివర్లు ముడుతలు పడి అలాగే ఉండిపోయాయి. ఆ వేళ్ళ మధ్య రాయిని చాలాసేపు దొర్లించాడు. ఆయన జీవితమంతా కడిగి తీసినవి నువ్వుగింజంతవీ, మహా అయితే పెసరగింజంతవీ.

"ఇంత పెద్దది, ఇంత వికారంగా ఉన్నది నేనెప్పుడూ చూళ్ళేదమ్మాయ్," అన్నాడు.

"వికారంగా ఉంటే గలూహ్ కాకుండా పోతుందా జులక్?"

"పోదు. కానీ నాకు తెలీడం లేదు." తెలీదనడం ఆయనకి ఎంత కష్టంగా ఉందో సలాసియాకి కనబడుతూనే ఉంది.

అప్పుడే జర్కాసి మోటార్‌సైకిల్ వచ్చి ఆగింది. మార్తపురా పట్నం నుంచి వచ్చి గుంటల మీదే రాళ్ళు కొనుక్కుపోయే మనిషి. మెడలో గొలుసుకి భూతద్దం, చొక్కాకి అత్తరు. రాయిని తీసుకుని ఎండకేసి తిరిగి భూతద్దంలోంచి చూశాడు. చాలాసేపే చూశాడు. తర్వాత, వేడి బజ్జీ పట్టుకున్నవాడిలా, దాన్ని గబుక్కున జులక్ చేతిలో పెట్టేశాడు.

"పలుగురాయి," అన్నాడు. "పైన పాచి పట్టిన పలుగురాయి. నాలుగు టీలు ఇవ్వు అచిల్, పాపం వీళ్ళ ఆశ చూస్తే జాలేస్తోంది."

"సరిగ్గా చూశారా?" అంది సలాసియా.

"అమ్మాయ్, నేను చూసినన్ని రాళ్ళు నువ్వు బియ్యంలో ఏరి ఉండవు." అందరూ నవ్వారు. అతను జులక్ వైపు తిరిగాడు. "అయినా నన్నడగడమెందుకు? జులక్‌కి తెలియని పరీక్షా? నిజమైన గలూహ్ సుత్తికి లొంగుతుందా? ఇనుములోకైనా దిగబడుతుంది గానీ పగలదు. పెద్దలు చెప్పిందేగా!"

"అంతేగా మరి," అన్నాడు జులక్.

ఆ మాట అందరూ విన్నదే. అందరి తాతలూ చెప్పిందే. కళ్ళతో చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. నిజమైన గలూహ్ దొరికినవాడెవడు దాన్ని సుత్తితో కొడతాడు గనక?

"వద్దు వద్దు," అన్నాడు బస్రాన్. "రేపు మార్తపురా తీసుకెళ్ళి సానవాళ్ళకి చూపిస్తాం."

"తీసుకెళ్ళవోయ్. పలుగురాయి పట్టుకుని గడపగడపకీ తిరుగు. చెంపాకా వాళ్ళకి రాయి తెలీదని బజారంతా నవ్వుకోనీ."

ఆ మాట జులక్‌కి తగిలింది. ఆయన మెడ బిగుసుకుంది. "ఇంజను సుత్తి తీసుకురండి," అన్నాడు.

అందరూ సలాసియా వైపు చూశారు. రాయి ఆమెది, ఆమె వద్దంటే అయిపోయేది. కానీ ఆమె అప్పటికే సుత్తి కోసం ఎదురుచూస్తోంది. నిన్నటి నుంచి నిద్రలోనూ మెలకువలోనూ నాలుక మీద ఆ చల్లదనమే ఉంది. సుత్తి పడాలి, రాయి చెక్కు చెదరకూడదు, ఈ నవ్వే మొహాలన్నీ అలా తెరుచుకుని ఉండిపోవాలి. భయం ఏ మూలా లేదు.

"కొట్టండి జులక్," అంది. "అది పగలదు. నాకు తెలుసు."

"సలాసియా!" బస్రాన్ ఆమె మోచేయి పట్టుకున్నాడు.

"వదులు. కొట్టనీ."

పాత పంపు తాలూకు ఇనుప పలక తెచ్చి కొట్టు ముందు నేల మీద వేశారు. జులక్ ఒంటి మోకాలి మీద కూర్చుని, రాయిని నడిమిన పెట్టి, బిస్మిల్లా అని సుత్తి ఎత్తాడు.

పెద్ద చప్పుడేం కాలేదు. వెదురు కణుపు విరిగినట్టు టక్‌మంది, అంతే.

సుత్తి లేపేసరికి పలక మీద రాయి రెండుగా పడి ఉంది. ఒక ముక్క పెద్దది, ఒకటి చిన్నది. ఇంకొక పెచ్చు ఎగిరి అచిల్ ఇమాయ్ కాలి దగ్గర పడింది.

ఎవరో ముక్కుతో నవ్వారు, అదే అదనుగా నవ్వు అందరికీ అంటుకుంది. "గాజురా బాబూ! ఏ సీసా పెంకో!" అన్నారు. సలాసియా చెవులు ఎర్రగా మండిపోతున్నాయి. తల తిప్పుకుని వెళ్ళిపోయేదే. కానీ జర్కాసి అప్పటికే కింద కూర్చున్నాడు.

"పిల్లలు తిరిగే చోటు, కాళ్ళల్లో గుచ్చుకుంటాయి," అంటూ జేబురుమాలు పరిచి రెండు ముక్కలూ అందులో వేసుకున్నాడు. తర్వాత అచిల్ కాలి దగ్గరికి జరిగాడు. అక్కడి పెచ్చు మరీ చిన్నది, వేళ్ళకి అందలేదు. జర్కాసి చూపుడువేలు నాలుకకి ఆనించి తడి చేసుకుని, మట్టి మీద మెల్లగా అద్ది, దాన్ని వేలికి అంటించుకుని, రుమాల్లోకి దులిపాడు.

సలాసియా ఆ వేలినే చూస్తూ ఉండిపోయింది.

"ఇవ్వండి," అంది.

"ఏంటి?"

"నావి ఇవ్వండి."

"పెంకులేం చేసుకుంటావమ్మాయ్? నేను దారిలో ఏట్లో పారేస్తాలే."

"నా పెంకులు. నేనే పారేసుకుంటాను."

జర్కాసి రుమాలు ముడి వేయబోయాడు. జులక్ సుత్తి పక్కన పడేసి లేచాడు. ఆయనకి ఈ గోల త్వరగా అయిపోతే చాలనిపించింది. "అమ్మాయి పెంకులు అమ్మాయికిచ్చెయ్యవయ్యా! అందరూ వినండి, అందులో మాకు వాటా లేదు గీటా లేదు. దండ గుచ్చుకుంటుందో పులుసులో వేసుకుంటుందో ఆమె ఇష్టం." మళ్ళీ నవ్వులు. జర్కాసి కూడా నవ్వాడు, చెయ్యి మాత్రం నెమ్మదిగా చాపాడు.

ఆమె రుమాలుతో సహా లాక్కుంది.

ఇంటికెళ్ళే దారిలో బస్రాన్ తిడుతూనే ఉన్నాడు. ఆమెని, జులక్‌ని, సుత్తిని, తాతలని. సలాసియా ఒక్కసారిగా దారి మధ్యలో ఆగిపోయింది.

"గాజుపెంకు ఏరడానికి ఎవడైనా వేలు తడి చేసుకుంటాడా?"

"ఏంటి?"

"నేను చూశాను. కాలి దగ్గరున్న పొడిని కూడా వదల్లేదు. వేలు నాకి మరీ ఎత్తుకున్నాడు. మన అచిల్ కొట్లో గ్లాసు పగిలితే ఎవడైనా అలా ఏరాడా ఎప్పుడైనా?"

బస్రాన్ తిట్లు ఆపాడు. "అయితే మరి పగిలిందేం?"

"అదే కనుక్కుందాం. పద."

ఆ రోజు బండి దొరకలేదు. మర్నాడు మినీబస్సు ఎక్కి, మధ్యలో మనుషులూ మూటలూ ఒత్తేస్తుంటే రవికెలోని రుమాలుని అరచేత్తో అదిమిపెట్టుకుని, మార్తపురాలో తబ్రాని సానకొట్టుకి చేరుకున్నారు. తబ్రాని బస్రాన్‌కి చిన్నాన్న వరస, అమాంగ్ అని పిలుస్తారు. చొక్కా మీద నూనె మరకలు, కనుబొమల్లో బూడిదరంగు దుమ్ము. ఆయన రుమాలు విప్పి చూశాడు. పెద్ద ముక్క మీద నోటితో ఆవిరి ఊదాడు. ఆవిరి పట్టీ పట్టగానే మాయమైపోయింది. పక్కనున్న గాజుబిళ్ళ మీద ఊదాడు. అది మసకబారి అలాగే ఉంది.

తర్వాత విరిగిన వైపు తిప్పి వెలుతురులో పెట్టాడు. వెంటనే ఆయన కుర్చీలో నిటారుగా అయ్యాడు.

"ఎవరు చీల్చారిది?"

"చీల్చలేదు అమాంగ్. సుత్తితో కొట్టారు," అన్నాడు బస్రాన్.

"ఎవడా గాడిద?"

"మా జులక్," అంది సలాసియా. "నేనే కొట్టమన్నాను."

తబ్రాని ఆమె వైపు చూసి, తిట్టబోయి, ఊరుకున్నాడు. "ఇటు రా అమ్మాయ్. ఈ విరిగిన చోటు చూడు. గాజైనా, పలుగైనా పగిలితే ఎలా పగులుతుంది? గవ్వ లోపలిలాగా వంపు తిరిగి, అలలు అలలుగా. ఇది చూడు. అద్దం పెట్టినట్టు చదునుగా ఉంది. వెదురు చీలినట్టు, తన చీలిక తనకున్నట్టు విడిపోయింది. ఇలా చీలేది ఇంకేముంటుంది?"

"గలూహ్ పగలదంటారు కదా!"

"గీత పడదు. ఏ రాయితో గీసినా, ఏ ఇనుముతో గీసినా దానికి గీత పడదు. దెబ్బకి ఓర్చుకోవడం వేరే సంగతి. గట్టిగా ఉన్నదల్లా ఓర్చుకుంటుందా? మన ఊళ్ళో కొంతమంది మొగుళ్ళని చూళ్ళేదూ!"

బస్రాన్ గట్టిగా నవ్వేశాడు. సలాసియాకి నవ్వు రాలేదు. గడప మీద కూలబడింది. "అయితే గలూహే," అంది. "గలూహే కదా అమాంగ్? పెద్దదా? పగలకుండా ఉంటే..."

"పగలకుండా ఉంటే అన్న మాట నా కొట్లో ఎత్తకు," అన్నాడు తబ్రాని. "ఉన్నదాన్ని చూద్దాం. పై తోలు కొంచెం తీస్తే లోపల తెలుపో మురికో తేలిపోతుంది. తియ్యమంటావా?"

ఆమె తల ఊపింది.

ఇనుప చక్రం మీద వజ్రపు పొడి కలిపిన నూనె రాసి, పెద్ద ముక్కని పట్టుగొట్టంలో బిగించి ఆనించాడు. చక్రం కీచుమంది. పళ్ళు జివ్వుమనే చప్పుడు. కాసేపాగి ఎత్తి చూశాడు. రాయి మీద ఏమీ లేదు. చక్రం మీదే గీత పడింది.

"అరగట్లేదా?" అంది ఆమె.

"ఈ వైపు అరగదు. ప్రతి రాయికీ ఒక మొండి దారి ఉంటుంది, ఒక మెత్తని దారి ఉంటుంది. అది చెప్పదు, మనమే వెతుక్కోవాలి." గొట్టాన్ని కొద్దిగా తిప్పి మళ్ళీ ఆనించాడు. కీచు. ఇంకొంచెం తిప్పాడు. మళ్ళీ కీచు. సలాసియా తనకి తెలియకుండానే లేచి ఆయన భుజం పక్కకి వచ్చి నిలబడింది. ఇంకాస్త తిప్పాడు. ఉన్నట్టుండి చప్పుడు మారింది. కీచుదనం పోయి, కడుపు నిండిన పిల్లి గురగురలాడినట్టు లోతుగా, మెత్తగా పలికింది.

"అదీ!" అన్నాడు తబ్రాని. "పట్టింది!"

"పట్టింది!" అని సలాసియా అరిచేసింది. పక్క చక్రాల వాళ్ళు తలలెత్తి చూశారు.

అప్పుడే గుమ్మంలో వెలుతురు తగ్గింది. జర్కాసి నిలబడి ఉన్నాడు. అత్తరు వాసన అతనికంటే ముందే లోపలికొచ్చింది.

"ఏంటి తబ్రాని, గాజుకి సాన పెడుతున్నావా?"

"అవునోయ్," తబ్రాని తల ఎత్తలేదు. "సాన అరుగుతోంది, గాజే అరగట్లేదు."

జర్కాసి చక్రం వైపు చూశాడు, సలాసియా వైపు చూశాడు. "నేను కొంటాను. ఇప్పుడే. ముక్కలన్నీ."

"నిన్న ఊరికే ఏట్లో పారేస్తానన్నారుగా," అంది సలాసియా.

అతను వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. సాయంత్రం అసర్ నమాజు పిలుపు వినిపించే వేళకి తబ్రాని రాయి మీద గోరు మొనంత కిటికీ తెరిచాడు. నూనె తుడిచి ఆమె చేతికిచ్చాడు. పాచి రంగు తోలు మధ్య ఆ చిన్న చదరంలోంచి లోపలికి చూస్తే అడుగు కనబడలేదు. తేటనీటి ఊటలోకి వంగి చూసినట్టుంది. కాస్త కదిలిస్తే లోపలెక్కడో ఎర్రగా, వెంటనే ఆకుపచ్చగా నిప్పు వెలిగి ఆరింది. బస్రాన్ "నాకివ్వు, నాకివ్వు" అని చిన్నపిల్లాడిలా చేయి లాగుతున్నాడు. ఆమె ఇవ్వలేదు.

మర్నాడు వాళ్ళు గుంట దగ్గరికి వెళ్ళేసరికి పంపు ఆగి ఉంది. జర్కాసి అప్పటికే ఒడ్డున నిలబడి మాట్లాడుతున్నాడు. కూలీలందరూ నీళ్ళలోనే, తట్టలు వదిలేసి, అతని చుట్టూ చేరారు.

"నాకేం వస్తుందిలే ఇందులో, న్యాయం చెబుతున్నా. ఆ కంకర పారబోసిందా, లేక మళ్ళీ కడుగుదామని ఒడ్డున వేసి ఉంచిందా? ఒడ్డున వేసి ఉంచిందైతే గలూహ్ గుంటది. గుంటదైతే అందరిదీ. జులక్ అమ్మకం ఖాయం చేస్తే నేను కొంటా, మీరందరూ పంచుకోండి."

"నిజమే కదా," అన్నాడు ఒకడు. "ఆ కుప్ప ఇంకా కాలవలోకి తొయ్యలేదు." సలాసియాని చూసి గొంతు తగ్గించాడు, కానీ మాట వెనక్కి తీసుకోలేదు. బస్రాన్ మొహం మాడిపోయింది. వీళ్ళందరితో కలిసి రేపు కూడా ఇదే గుంటలో దిగాలి. అయినా వెళ్ళి పెళ్ళాం పక్కనే నిలబడ్డాడు.

జులక్ అర్షద్ గుంట మధ్యలో నడుంలోతు నీళ్ళలో, వీపు ఇటు పెట్టి ఉన్నాడు. నెమ్మదిగా తిరిగాడు. ఒక్క రాత్రిలో మొహం పీక్కుపోయింది.

"నిజంగా గలూహేనా అమ్మాయ్?"

"గలూహే జులక్."

ఆయన కళ్ళు మూసుకుని తెరిచాడు. "జర్కాసీ, మొన్న పొద్దున భూతద్దంలో చూసినప్పుడు నీకు తెలుసు."

"అబ్బే, నాకెలా..."

"నీకు తెలుసు. నాకు తెలీదు. నువ్వు ఎగదోశావు, నేను కొట్టాను." ఆయన కూలీల వైపు తిరిగాడు. "ఇమాయ్ కొట్టు దగ్గర నేనేమన్నాను?"

కూలీలు నీళ్ళలోకి చూశారు.

"నోళ్ళు పడిపోయాయా? ఏమన్నాను?"

"వాటా లేదన్నారు," అన్నాడు ఇందాకటివాడు. "కానీ జులక్, అప్పుడు గాజనుకుని అన్నారు. పొరబాటున అన్న మాట..."

"రాయి విషయంలో పొరబడ్డాను. ఊరంతా చూసింది. ఇప్పుడు మాట విషయంలో కూడా పొరబడమంటావా?"

అతను తల దించుకున్నాడు. జర్కాసి ఇంకేదో అనబోయాడు. జులక్ దులాంగ్‌తో నీళ్ళు ఎత్తి ఒడ్డుకి కొట్టాడు. అత్తరు చొక్కా మీద నుంచి పసుపుపచ్చ బురద కారింది. అప్పుడు గుంట గుంటంతా ఘొల్లుమంది. బస్రాన్ అందరికంటే ఎక్కువ నవ్వాడు. మోటార్‌సైకిల్ చప్పుడు దూరమయ్యేదాకా ఆ నవ్వు ఆగలేదు.

జులక్ గట్టు దగ్గరికి వచ్చి ఆగాడు. ఎక్కలేదు. తడి చెయ్యి లుంగీకి తుడుచుకోబోయి, లుంగీ కూడా తడిసే ఉందని చూసి, అలాగే పట్టుకున్నాడు.

"ఒక్కసారి చూడనిస్తావా?"

సలాసియా వంగి పెద్ద ముక్కని ఆయన అరచేతిలో పెట్టింది. కిటికీ ఎటువైపుందో వేలితో చూపించింది. ఆయన ఒక కన్ను మూసుకుని ఎండకి పట్టాడు. అలాగే ఉండిపోయాడు. ముడుతలు పడ్డ వేళ్ళ మీద ఎర్రటి చుక్క ఒకటి పడి కదిలింది.

"లోపల ఇంత ఉంటుందా!" అన్నాడు చివరికి. "నువ్వుగింజలు తీసి తీసి అమ్మేశాను. లోపలికి ఎప్పుడూ చూళ్ళేదే..." రాయిని కంటికి ఇంకా దగ్గరగా జరుపుకున్నాడు. "దీన్ని సుత్తితో కొట్టాను చూడు."

"నేనే కదా జులక్ కొట్టమన్నాను."

"నువ్వు చెప్తే మాత్రం! నాకుండొద్దూ బుద్ధి?"

ఆయన రాయిని ఆమె చేతిలో పెట్టి, ఆమె వేళ్ళు తానే మూసి, గుంట మధ్యకి వెళ్ళిపోయాడు. ఎవరో పంపు స్టార్ట్ చేశారు. గొట్టంలోంచి ఎర్రటి కంకర దూకడం మొదలైంది. సలాసియా రుమాలు ముడి వేసి బస్రాన్‌కిచ్చింది. గట్టున ఆనించి ఉన్న తన దులాంగ్ తీసుకుంది. కాలవ వైపు ఒక అడుగు వేసి ఆగి, వెనక్కి తిరిగి, నడుముకి చుట్టుకున్న తపీ గుడ్డని మోకాళ్ళ పైకి దోపి, పెద్ద గుంటలోకి దిగింది. నీళ్ళు నడుం దాకా వచ్చాయి. కాలవ నీళ్ళకంటే చల్లగా ఉన్నాయి.

తట్టలు ఆగిపోయాయి. అందరూ జులక్ వైపు చూశారు. ఆయన ఆమె వైపు చూడలేదు. కడుగుతూ కడుగుతూనే ఎడమపక్కకి జరిగి చోటిచ్చాడు.

బస్రాన్ రుమాలు నడుంలో దోపుకుని, పార నిండా కంకర ఎత్తి ఆమె తట్టలో గుమ్మరించాడు. "బరువుందా?"

"ఉంది. ఇంకా వెయ్!"